అమాలియా రోద్రిగెస్ ‘కోం కె వోష్’ ఎల్‌పి: ఏ ప్రతి కొనాలి, తిరుపతి ఎండల్లో ఎలా కాపాడుకోవాలి

పోర్చుగల్ సంప్రదాయ పాట ఫాదు వినాలనుందని అడిగినవాళ్లకి చాలామంది చూపించేది ఫాదు గాయని అమాలియా రోద్రిగెస్ హిట్ పాటల సంకలనం. ఏదో ఒకటి, చవగ్గా దొరికేది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నాలుగో పాటకొచ్చేసరికి అన్నీ ఒకేలా ఉన్నాయే అనిపిస్తుంది, పదో పాట దాకా ఓపిక ఉండదు. నిజానికి ఆమె పాటలు ఒకేలా ఉండవు. ఆ సంకలనాల్లో 1945 నాటి గ్రామఫోను పాట పక్కనే 1956 నాటి కచేరీ ముక్క, దాని వెనకే ఆర్కెస్ట్రా పాట పెట్టేస్తారు. గొంతు వయసు, మైకు, పక్కవాద్యం పాటపాటకీ మారిపోతుంటే చెవికి ఏదీ పట్టుబడదు.

కాబట్టి మొదట కొనాల్సింది ‘కోం కె వోష్’ ఎల్‌పి (వినైల్ రికార్డు). 1969లో రికార్డు చేసి 1970లో విడుదల చేసిన ఈ రికార్డులో పాటలు 12. అన్నిటికీ బాణీ కట్టింది ఒక్కరే, అలేన్ ఊల్మన్. వాయిద్యాలు రెండే. పోర్చుగీసు గితార వాయించింది జుజె ఫోంతెష్ రోష, మామూలు గిటారు పెద్రు లియాల్. సాహిత్యం 16వ శతాబ్దపు మహాకవి కమోయిష్ దగ్గర్నుంచి, ఈ పాటలు పాడేనాటికి ప్రవాసంలో ఉన్న మనుయెల్ అలెగ్ర్ దాకా. అప్పటికి అమాలియాకి 48 ఏళ్లు. గొంతులో పడుచుతనపు పదును కాస్త తగ్గి, అడుగు స్థాయి బాగా నిండిన కాలం అది.

ఇక్కడికి ఆమె ఎలా వచ్చిందో తెలిస్తే ఏ రికార్డు దేనికి పనికొస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. పుట్టింది 1920లో, లిస్బన్‌లో. అంటే మన పూర్ణకుంభం కూడలిలో విగ్రహం ఉన్న ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంటే నాలుగేళ్లు చిన్న. అల్కాంతర రేవు దగ్గర అమ్మమ్మ తాతయ్యల ఇంట పెరిగింది, ఆ రేవులోనే పండ్లు అమ్మింది. 1939లో ‘రెతీరు ద సెవేర’ అనే ఫాదు హోటల్లో డబ్బు తీసుకుని పాడటం మొదలుపెట్టింది. పాట రికార్డు మీద దొరికితే ఇక కచేరీకి ఎవరొస్తారని ఆమె మేనేజరు రికార్డింగు మాటెత్తనివ్వలేదు. అందువల్ల తొలి రికార్డులు 1945లో బ్రెజిల్లో వచ్చాయి. 78 వేగంలో తిరిగే పళ్లెంలో పక్కకి మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది కాబట్టి ఆ పాటలన్నీ ఉరుకులు పరుగుల మీద ఉంటాయి. తీరిగ్గా రాగం సాగదీసే అవకాశం వాటిలో వెతక్కండి.

1952లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో పాడింది. 1955లో ఒక ఫ్రెంచి సినిమాలో పాడిన ‘బార్కు నేగ్రు’తో ఫ్రాన్స్‌లో పేరు మోగింది. దాని బాణీ బ్రెజిల్‌ది. అసలు సాహిత్యం బానిస స్త్రీ గురించి కావడంతో పోర్చుగల్ సెన్సారు పాడనివ్వలేదు. అప్పుడు దవీద్ మొరావుం ఫెరెయిర కొత్త మాటలు రాశాడు. 1956లో పారిస్ ఒలింపియా హాల్లో పాడటంతో ఆమె ప్రపంచ గాయని అయిపోయింది. మామూలుగా ఎవరైనా అక్కడ ఆగి, అవే పాటలు ఇరవయ్యేళ్లు పాడుకుంటూ బతికేస్తారు. 1962లో ఊల్మన్ బాణీలతో ‘బుష్తు’ అనే ఎల్‌పి చేసి దారి మార్చడమే అమాలియా గొప్పతనం.

తిరుపతిలో పాట వినేవాళ్లకి ఈ మలుపు అర్థం కావడం కష్టం కాదు. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, బాణీ లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ ఎవరి బాణీ వాళ్లు కట్టారు. సంప్రదాయ ఫాదులో వ్యవహారం దీనికి తలకిందులు. బాణీ ముందే ఉంటుంది, దానికో పేరూ ఉంటుంది. గాయని తనకి నచ్చిన పద్యం ఏదైనా, పాదాల కొలత కుదిరితే చాలు, అందులో ఇముడ్చుకుంటుంది. మూల బాణీలుగా చెప్పే మెనోర్, కొరీదు, మౌరారియ మూడింటిలోనూ గిటారు మీద తిరిగేది రెండే రెండు కార్డులు (కలిపి మీటే స్వరాల గుత్తులు). వైవిధ్యమంతా గాయని వేసే సంగతుల్లోనే. పోర్చుగీసు రాకపోతే, సంగతులు పట్టుకునే చెవి ఇంకా కుదరకపోతే, అన్నీ ఒకేలా వినిపించడంలో వింతేమీ లేదు.

ఊల్మన్ చేసింది మనవాళ్లు అన్నమయ్యకి చేసిన పనే. సాహిత్యం ముందు పెట్టుకుని, దాని నడకను బట్టి కొత్త బాణీ కట్టాడు. రెండు కార్డుల చోట ఆరేడు వచ్చి చేరాయి. పక్కన వాయించేవాళ్లు ఈ కొత్త పాటల్ని ‘ఆపెరాలు’ అని వెక్కిరించేవాళ్లు. 1965లో కమోయిష్ పద్యాల్ని ఫాదుగా పాడితే పత్రికల్లో పెద్ద గొడవే జరిగింది. మహాకవిని సారాయి కొట్టు పాటలో కలిపేసిందన్నది పండితుల బాధ. ‘కోం కె వోష్’ ఆ గొడవకి అయిదేళ్ల తర్వాతది. అందులో పేరు పాట మళ్లీ కమోయిష్‌దే. ఆమె వెనక్కి తగ్గలేదు.

పాటల సంగతికొద్దాం. మొదట ‘నౌఫ్రాజియు’ వినండి. బ్రెజిల్ కవయిత్రి సెసీలియా మెయిరెలెస్ రాసింది. తన కలని ఓడలో పెట్టి, ఓడని సముద్రం మీద వదిలి, ఆ ఓడ మునగాలని తన చేతులతోనే నీటిని చీల్చిన మనిషి మాటలు. ఇంత బరువైన సాహిత్యాన్ని అమాలియా ఏడుపు గొంతుతో పాడదు. పాదం మొదలు నిలకడగా పట్టుకుని, చివరి మాట దగ్గర మాత్రం కాలాన్ని కాస్త వెనక్కి లాగుతుంది. లియాల్ గిటారు తాళం వదలదు. ఫోంతెష్ రోష గితార పాదం పూర్తయ్యాకే జవాబు చెబుతుంది, మధ్యలో దూరదు. మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని నీడలా అనుసరిస్తుంది. ఇక్కడ అలా కాదు, వంతులవారీ సంభాషణ. ఈ తేడా ఒకసారి చెవికి తెలిస్తే మిగతా రికార్డంతా విప్పుకుంటుంది.

ఆ గితార గురించి రెండు ముక్కలు. తీగలు 12, జతలుగా 6, అన్నీ లోహం. లిస్బన్ శ్రుతిలో మంద్రం నుంచి డి, ఏ, బి, ఇ, ఏ, బి. తల దగ్గర బిరడాలుండవు, విసనకర్రలా పరుచుకున్న మరలుంటాయి. బొటనవేలికి, చూపుడువేలికి తొడిగిన గోళ్లతో మీటుతారు. అందుకే ఆ శబ్దం గలగలమంటుంది, పైస్థాయిలో చురుగ్గా ఉంటుంది. ప్లేయరు సరిగ్గా లేకపోతే ముందు చెడేది ఇదే.

‘మరియ లిష్బోవ’ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే ఆవిడ పాట. నడక హుషారుగా ఉంటుంది, సాహిత్యం తెలియకపోయినా కాలు ఆడుతుంది. ‘హవెముష్ ద ఇర్ అ వియాన’ కూడా ఆ కోవదే. ‘గైవోత’ నెమ్మదైన పాట, రికార్డు మొత్తంలో ఎక్కువమంది తర్వాత మళ్లీ పాడింది దీన్నే కావచ్చు. ‘త్రోవ దు వెంతు కె పాస’ దగ్గర మాత్రం కాస్త చరిత్ర తెలిసి ఉండాలి. నా దేశం కబురేమిటని గాలిని అడిగితే గాలి ఏమీ చెప్పదు. రాసిన అలెగ్ర్ అప్పుడు అల్జీర్స్‌లో తలదాచుకున్నాడు. ఈ పద్యం అప్పటికే వేరే బాణీలో విద్యార్థుల పోరాట గీతం. పోర్చుగల్‌లో నియంతృత్వం ఇంకా నడుస్తుండగానే దాన్ని అమాలియా పాడింది. ‘ఫొర్మీగ బొసా నోవ’ ఒక్కటే ఈ గుంపులో ఇమడలేదు. చీమ, ఇలకోడి కథ మీద చమత్కారం బాగానే ఉంది కానీ, ముందూ వెనకా ఉన్న పాటల బరువు ముందు తేలిపోతుంది.

సాహిత్యం అర్థం చూసుకోకుండా ఈ రికార్డు కొనకండి. పేర్లతో వెతికితే అనువాదాలు దొరుకుతాయి, ముఖ్యంగా ‘నౌఫ్రాజియు’, ‘గైవోత’ రెండింటికీ. పాట పెట్టేముందు ఒకసారి చదువుకుంటే చాలు, వింటూ చదవక్కర్లేదు.

ఇక ఏ ప్రతి? చవక సంకలనాలకీ ఈ రికార్డుకీ పొత్తు ఎందుకు కుదరదో ముందు చెప్పాలి. యూరప్‌లో సౌండ్ రికార్డింగుల హక్కుల గడువుని 2013లో 50 నుంచి 70 ఏళ్లకి పెంచారు, కానీ 1963కి ముందు విడుదలై అప్పటికే గడువు తీరినవాటికి హక్కులు తిరిగి రాలేదు. కాబట్టి 1962 దాకా వచ్చిన పాటల్ని ఎవరైనా అచ్చేసి అమ్ముకోవచ్చు. పేరు తెలియని కంపెనీల ‘100 పాటలు’ పెట్టెలన్నీ సరిగ్గా అక్కడ ఆగేది అందుకే. చాలావాటికి మాస్టరు టేపు (స్టూడియో అసలు టేపు) కాదు, పాత రికార్డే ఆధారం. గీతల చప్పుడు పోగొట్టే పేరుతో పైస్థాయి కోసేస్తారు, గితార గలగల కాస్తా దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. 1970 రికార్డు ఆ పెట్టెల్లో ఉండదు. వెనక ‘వాలెంతీం ద కర్వాల్యు’ పేరుంటే అది అసలు కంపెనీ ప్రతి. ఎల్‌పి అయినా సీడీ అయినా అది చూసే తీసుకోండి.

ఇంకో మోసం కూడా ఉంది. 1950ల నాటి మోనో (ఒకే ఛానల్) పాటల్ని తర్వాత కాలంలో యంత్రంతో రెండుగా చీల్చి స్టీరియో అని అమ్మారు. ఇయర్‌ఫోను ఒక్కోటే పెట్టుకుని వినండి. ఒక చెవిలో బోలుగా, రెండో చెవిలో మందంగా ఉంటే అదే సరుకు. ఒలింపియా రికార్డు కొనేటప్పుడు మోనో ప్రతే అడగాలి.

విదేశం నుంచి తెప్పిస్తే షిప్పింగు, కస్టమ్స్ కలిపి అసలు ధరకి దగ్గరగా చేరొచ్చు. ఒక్కటి తెప్పించే బదులు రెండు మూడు కలిపి తెప్పించడం మేలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం ఆర్డరు పెట్టకండి. ఎల్‌పి ప్లాస్టిక్ 60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడటం మొదలవుతుంది. తిరుపతి మే నెల ఎండలో నిలబెట్టిన వ్యాను లోపల అంత వేడి పుట్టడం వింత కాదు. పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీయండి. రికార్డుని గాజు బల్ల మీద పరిచి కళ్లు అంచు ఎత్తుకి తెచ్చి చూడండి. మిల్లీమీటరు లేచినా సూది తట్టుకుంటుంది. అంచు పళ్లెంలా పైకి తిరిగితే, లేదా ఒకేచోట గుబ్బలా లేస్తే తిప్పి పంపేయడమే. రెండు గాజు పలకల మధ్య పెట్టి ఎండలో సాపు చేసే చిట్కాలు తిరుగుతుంటాయి, నమ్మొద్దు. అంచు సర్దుకున్నట్టే కనిపిస్తుంది, గాడి మాత్రం చెడుతుంది.

ప్లేయరు సంగతి. సూట్‌కేసు రకం చవక ప్లేయర్లు సూదిని 5 గ్రాముల దాకా బరువుతో నొక్కుతాయి. మంచి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జికి (సూది బిగించి ఉండే భాగం) 2 గ్రాములు, అటూ ఇటూగా, మాన్యువల్లో రాసినంత చాలు. ఈ రికార్డుకి అది మరీ ముఖ్యం. లిస్బన్ పోర్చుగీసులో మాట చివరి ‘స’ అంతా ‘ష్’ అయిపోతుంది. ఎల్‌పి లోపలి గాడుల్లో, అంటే పక్క చివరి పాటల్లో, చుట్టుకొలత తగ్గి ఒక్కో క్షణానికి దక్కే గాడి పొడవు తగ్గుతుంది. అక్కడ పైస్థాయి శబ్దాల్ని మొద్దు సూది అనుసరించలేదు. ‘ష్’ వచ్చినప్పుడల్లా ఉమ్మినట్టు చీలుతుంది. మొదటి పాట బాగుండి ఆరో పాటలోనే ఇది వినిపిస్తే రికార్డుని తిట్టకండి, సూది బరువు, కార్ట్రిడ్జి కోణం, యాంటీ స్కేటింగ్ (సూది చెయ్యి లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటు) చూసుకోండి. మొదటి పాట నుంచే ఉంటే సూది అరిగింది.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిపెట్టిన టర్న్‌టేబుళ్లు తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అక్కడక్కడా కనిపిస్తాయి. అడాప్టరుతో డీసీ మోటారు నడిచేదైతే ఇబ్బంది లేదు. కరెంటు హెర్ట్జ్‌ని బట్టే వేగం ఉండే పాత ఏసీ సింక్రనస్ మోటారైతే మాత్రం అది 60 హెర్ట్జ్‌కి తయారైంది, మన కరెంటు 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 110 చేస్తుంది తప్ప హెర్ట్జ్‌ని మార్చదు. ప్లేయరు దాదాపు 17 శాతం నెమ్మదిగా తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోయి అమాలియా గొంతు మగ గొంతులా వినిపిస్తుంది. కొన్ని మోడళ్లలో మోటారు కప్పీ మారిస్తే సరిపోతుంది. అది దొరక్కపోతే ఆ ప్లేయరుతో కుస్తీ పట్టకండి.

చిన్న తేడాలు పట్టుకోవడానికి మన ఊళ్లో పాట నేర్చుకునే ప్రతి ఇంట్లోనూ పరికరం ఉంది, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె. ఫోన్‌లో అదే పాట డిజిటల్ ప్రతి పెట్టి శ్రుతి కలుపుకోండి. పెట్టెని కదపకుండా ఎల్‌పి వేయండి. వేగం 6 శాతం తప్పితే ఒక స్వరస్థానం తేడా వస్తుంది, 3 శాతమైతే అందులో సగం. శ్రుతి తక్కువగా నిలకడగా ఉంటే బెల్టు సాగింది. పైకీ కిందకీ ఊగుతుంటే రికార్డు మధ్య రంధ్రం పక్కకి పోయినా కావచ్చు, బెల్టుకి జిడ్డు పట్టినా కావచ్చు. ఇంకో రికార్డు వేస్తే ఏదో తేలిపోతుంది.

హోం థియేటరు ఆక్స్‌కి తిన్నగా కలిపితే శబ్దం పీలగా, దూరంగా వస్తుంది. మధ్యలో ఫోనో ప్రీఆంప్లిఫయరు (సూది నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే పెట్టె) ఉండాలి. ప్లేయరులోనే అది ఉంటే వెనక మీట ‘లైన్’ వైపు పెట్టండి. ఉన్నదాని మీద ఇంకోటి తగిలిస్తే గొంతు పగిలిపోతుంది. రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు సరిగ్గా లేని ఇల్లు కలిస్తే అడుగున గుయ్‌మని మోత వస్తుంది. రెండు వాయిద్యాల రికార్డు కదా, ఆ మోత దాక్కునే చోటుండదు. ప్లేయరు వెనక వేలాడే సన్నటి ఎర్త్ తీగని ఆంప్లిఫయరు స్క్రూకి బిగిస్తే తొంభై పాళ్లు పోతుంది. గ్రానైటు నేల, ఖాళీ గోడల గదిలో గితార గింగురుమంటుంది. జంపఖానా పరిచి, కిటికీకి మందపాటి తెర వేయండి. సీలింగు ఫ్యాను అయిదులో తిరుగుతుంటే పాదం చివర గొంతు సన్నగిల్లే చోట్లు వినపడవు, రెండుకి తగ్గించాలి.

కడగటానికి బోరు నీళ్లు వాడొద్దు. ఆరాక గాడిలో ఉప్పు మిగిలి చిటపటలాడుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు, మెత్తటి మైక్రోఫైబరు గుడ్డ, గాడి వెంబడే తుడవడం. నవంబరు వానలప్పుడు కాగితపు లోపలి కవర్లు చెమ్మ పీల్చి బూజు పడతాయి. లోపల పాలిథీను పొర ఉన్నవి కొని మార్చుకోండి. నిలబెట్టి, వాలకుండా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగునున్నది వంగిపోతుంది. పడమటి గోడకి ఆనించిన బీరువా కూడా వద్దు, సాయంత్రానికి ఆ గోడ కాగిపోయి ఉంటుంది.

ప్లేయరు లేనివాళ్లు ఫోన్‌లో విన్నా నష్టమేం లేదు. 320 కెబిపిఎస్ దగ్గర నిమిషానికి సుమారు 2.4 ఎంబి అవుతుంది. ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, షఫుల్ ఆపేయండి, బాస్ బూస్ట్ తీసేయండి. వెతికేటప్పుడు ఆల్బం పేరుతో పాటు 1970 అని చూసుకోవాలి. ఒక్క ‘గైవోత’ అని కొడితే వేరే గాయకుల పాటలు బోలెడు వస్తాయి.

ఈ రికార్డు అందరికీ కాదు. బాణీ చటుక్కున పట్టుకునేలా, పక్కన చప్పట్లతో కావాలనుకునేవాళ్లు 1957లో వచ్చిన ఒలింపియా కచేరీ ఎల్‌పి తీసుకోవాలి. ‘బార్కు నేగ్రు’, ‘కోయింబ్ర’ రెండూ అందులో ఉన్నాయి, గొంతు 35 ఏళ్ల నాటిది. ‘కోం కె వోష్’ నచ్చినవాళ్లకి రెండోది ‘బుష్తు’. అందులో ‘పోవు కె లావష్ ను రియు’ పాత సంప్రదాయ బాణీ మీదే నడుస్తుంది, సాహిత్యం పెద్రు ఒమెం ద మెలుది. పాత పద్ధతి, ఊల్మన్ పద్ధతి పక్కపక్కనే వినొచ్చు. ‘అబందోను’ అన్న పాటకి జనం పెట్టిన పేరు ఫాదు పెనీష్. పెనీష్ కోటలో రాజకీయ ఖైదీలుండేవాళ్లు కాబట్టి సెన్సారు దాన్ని ఆపేసింది. 1966లో రహస్య పోలీసులు ఊల్మన్‌ని పట్టుకెళ్లినప్పుడు ఆయన కోసం తిరిగిందీ అమాలియానే. అయినా నియంతృత్వాన్ని కూల్చిన 1974 విప్లవం తర్వాత ఆమెను పాత ప్రభుత్వపు మనిషని కొన్నేళ్లు దూరం పెట్టారు. 1999 అక్టోబరు 6న పోయినప్పుడు దేశమంతా మూడు రోజులు సంతాపం పాటించింది.

1980 నాటి ‘గుష్తావ ద సేర్ కెం ఎర’, 1983 నాటి ‘లాగ్రిమ’ రెండింటిలోనూ సాహిత్యం ఆమె సొంతం. గొంతు బరువెక్కింది, పైస్థాయి అందదు, కొన్నిచోట్ల గరగర. మొదటిసారి వినేవాళ్లకి ఇవ్వొద్దు. పది నెలలు ‘కోం కె వోష్’ విన్నాక ‘లాగ్రిమ’ పేరు పాట ఒక్కటి వేసి చూడండి. కొత్త రికార్డింగు శుభ్రత కావాలంటే ఫాదు గాయని మరీజ 2001 ఆల్బం ‘ఫాదు ఎం మిం’ ఉంది. ‘ఓ జెంత్ ద మిన్య తెర్ర’ అందులోదే, మాటలు అమాలియావి, బాణీ తియాగు మషాదుది.